ఫోన్-ఇన్: కరెంటు బిల్లు గురించి ఎవర్ని అడగాలి?

వ్యాఖ్యాత: గుంటూరు జిల్లా నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. మేం ఈ ఇంట్లో అద్దెకు దిగి ఏడాది కూడా కాలేదు. బిల్లులో 2022-23 నాటి ఛార్జీ వేశారు. అప్పుడు ఇక్కడ ఎవరున్నారో కూడా మాకు తెలీదు. ఆ డబ్బు మేమెందుకు కట్టాలండి?

నిపుణుడు: బిల్లు దగ్గరుందా? ఎనర్జీ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీ దాటాక ఎఫ్‌పీపీసీఏ అని ఉంటుంది చూడండి, అంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు.

శ్రోత: రెండు చోట్ల ఉందండి. ఒకటి ఈమధ్య నెలది, ఇంకోటి పాతది.

నిపుణుడు: మనం సర్దుబాటు ఛార్జీ అంటున్నది వాటినే. కరెంటు కొనుగోలుకు ఎంతవుతుందో డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, ముందుగానే అంచనా చెప్తాయి. బొగ్గు ధర పెరిగో, ఎండల్లో కరెంటు అమ్మే ఎక్స్ఛేంజీలో ఎక్కువ పెట్టి కొనో ఖర్చు పెరిగిందనుకోండి, ఆ తేడా మన బిల్లులోకి వస్తుంది. యూనిట్‌కు 40 పైసల దాకా, రేట్లు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలిని, అదే కమిషన్‌ను, మళ్లీ అడక్కుండానే నెలనెలా వేసుకోవచ్చు. మీరు 180 యూనిట్లు కాలిస్తే అదే 72 రూపాయలు.

శ్రోత: మరి పాతదో?

నిపుణుడు: 2022-23 తేడా కింద సుమారు 6,072 కోట్ల రూపాయలు వసూలు చేసుకోమని విద్యుత్ నియంత్రణ మండలి 2024లో ఆదేశమిచ్చింది. అప్పట్లో ఆ సర్వీసు నంబరు మీద కాలిన యూనిట్లను బట్టి వేశారు. వాళ్ల లెక్కంతా సర్వీసు నంబరుతోనే, ఇంట్లో మనుషులు మారినా వాళ్లకు పట్టదు. అద్దెకుండేవాళ్లకు ఇది అన్యాయమే, నేను కాదనను. కట్టకుండా ఊరుకుంటే మాత్రం మీ ఇంటికే కరెంటు కట్ చేస్తారు. బిల్లు కట్టేసి, ఆ లైనులో ఎంతుందో ఓనరుగారికి చూపించి అద్దెలో తగ్గించుకోండి. కొత్తగా అద్దెకు దిగేవాళ్లు ఈ మాట ముందే అగ్రిమెంటులో రాయించుకుంటే గొడవుండదు.

శ్రోత: లైన్‌మన్‌ని అడిగితే నాకేం తెలీదమ్మా అన్నాడండీ.

నిపుణుడు: నిజంగానే అతని చేతిలో లేదు. రీడింగ్ తప్పు పడినా, మీటరు గిర్రున తిరుగుతున్నా, కేటగిరీ మార్చేసినా ముందు 1912కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. లాయరు అక్కర్లేదు. వాళ్ల తీర్పు నచ్చకపోతే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆయన్ను నియమించేది నియంత్రణ మండలి, డిస్కం కాదు. కానీ యూనిట్ రేటు ఎక్కువుందని వేదికకు వెళ్తే లాభం లేదు. రేటు సంగతి మండలి దగ్గరే తేలుతుంది.

వ్యాఖ్యాత: ఒంగోలు దగ్గర్నుంచి ఒక రైతు. చెప్పండి పెద్దాయనా.

రైతు: డిస్కంలు గవర్నమెంటువే గదయ్యా. మధ్యలో ఈ మండలి ఎందుకు? రేపు ప్రైవేటోళ్లకు ఇచ్చేస్తే మా బోరు కరెంటు ఏమైపోద్ది?

నిపుణుడు: షేర్లన్నీ ప్రభుత్వానివే, కానీ పేరుకు అవి కంపెనీలు, అందుకే రేటు మండలి తేలుస్తుంది. 1998లో సంస్కరణల చట్టం తెచ్చారు. 1999లో విద్యుత్ బోర్డును కరెంటు తయారుచేసే జెన్కో, పెద్ద లైన్లు చూసే ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. మరుసటేడు పంపిణీకి నాలుగు డిస్కంలు పెట్టారు. ఆ ఏడాదే ఛార్జీల పెంపు మీద హైదరాబాదులో ఉద్యమం జరిగింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి.

రైతు: గుర్తుందయ్యా.

నిపుణుడు: ఇక ప్రైవేటు సంగతి. పక్కనున్న ఒడిశా 1999లోనే పంపిణీని ప్రైవేటుకిచ్చింది. అదే ఏడు సూపర్ సైక్లోన్ వచ్చింది. రెండేళ్లకల్లా అక్కడ ఒక డిస్కంను నడిపిన అమెరికా కంపెనీ ఏఈఎస్ చేతులెత్తేసి వెళ్లిపోయింది. మిగతా మూడు డిస్కంలు నడిపిన రిలయన్స్ లైసెన్సుల్ని 2015లో అక్కడి కమిషన్ రద్దు చేసింది. 2020-21లో టాటా పవర్ 51 శాతం వాటాతో వచ్చింది, మిగతా 49 శాతం ప్రభుత్వ సంస్థది. యజమానులు ఇంతమంది మారినా రేటు తేల్చింది మాత్రం అక్కడి కమిషనే.

రైతు: అయితే మా ఫ్రీ కరెంటు?

నిపుణుడు: అది డిస్కం ఇచ్చే దానం కాదండీ. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షను ప్రకారం రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్ము ప్రభుత్వం ముందుగా కట్టాలి. ఆలస్యమైతే డిస్కం అప్పు తెస్తుంది, వడ్డీ కడుతుంది. నన్నడిగితే ప్రైవేటు వస్తుందేమోనని బెంగ పెట్టుకునే బదులు, ఈ సొమ్ము వేళకు జమ చేస్తున్నారా అని మీ ఎమ్మెల్యేని అడగండి. మండలి సభ్యుల్ని వేసేదీ ప్రభుత్వమే, కాబట్టి వాళ్లే అడుగుతారని కూర్చుంటే కుదరదు.

రైతు: మేమడిగితే వింటారా?

నిపుణుడు: వినాలి. డిస్కంలు ఏటా నవంబరు చివర్లో వచ్చే ఏడాది లెక్కలు మండలికి ఇస్తాయి. పేపర్లో నోటీసు వేస్తారు. మీ అభ్యంతరం కాగితం మీద రాసి మండలికొకటి, డిస్కంకొకటి పంపండి. తర్వాత బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి వస్తాయి కాబట్టి మార్చి దాటాక అరిస్తే లాభం లేదు.

రైతు: ఇంగ్లీషులో రాయాలా?

నిపుణుడు: తెలుగులోనే రాయండి. విచారణల్లో రైతు సంఘాలవాళ్లు తెలుగులోనే కడిగేస్తుంటారు. ఊళ్లో పదిమంది సంతకాలతో పంపితే ఇంకా మంచిది.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్ ఎదురుచూస్తోంది. నరసరావుపేట నుంచి, పిండి మర మీటరు సంగతట. చెప్పండన్నా.