పైమడి, శివారు మడి: సింహళ పల్లెలో ఒక పంటకాలం

హోస్ట్: నమస్కారమండీ. ఈరోజు మనతో ఒక కోనసీమ అమ్మాయి ఉంది. శ్రీలంకలో వ్యవసాయ పీజీ చదువుతూ, అనురాధపురం దగ్గర పల్లెలో ఒక పంటకాలం ఉండి వచ్చింది. అక్కడికెలా చేరావమ్మా?

అతిథి: పేరాదెనియ యూనివర్సిటీలో చదువక్కా. చెరువు కింద వరిసాగు చూడాలని ఆ ఊరెళ్ళాను. పన్సల, అంటే భిక్షువులుండే గుడి. దాని పక్కింటి అమ్మమ్మ నన్ను ఇంట్లో పెట్టుకుంది.

హోస్ట్: తిండికి ఇబ్బంది పడ్డావా?

అతిథి: లేదక్కా! మనకన్నా ఎక్కువ కొబ్బరి వాడతారు. కొబ్బరిపాలలో అన్నం వండి, పళ్ళెంలో అదిమి ముక్కలు కోస్తారు. కిరిబత్ అంటారు. భిక్షువులు మధ్యాహ్నం దాటితే ఏమీ తినరు. అందుకని ఊళ్ళో ఇళ్ళకి వంతులుంటాయి, ఏ రోజు ఎవరు భోజనం పంపాలని. అమ్మమ్మ వంతు రోజున చీకటితోనే లేచి కొబ్బరి కోరేదాన్ని. వండినదాంట్లో ముందు బుద్ధుడికి, తర్వాత భిక్షువులకి, ఆ తర్వాతే మాకు.

హోస్ట్: పౌర్ణమికి అక్కడ సెలవంట కదా?

అతిథి: ఆయ్, ప్రతి పౌర్ణమికీ. పోయ అంటారు. అమ్మమ్మ తెల్లబట్టలు కట్టుకుని, ఎనిమిది శీలాలు, అంటే నియమాలు, పట్టి, పొద్దంతా పన్సలలోనే ఉండేది.

కానీ నా మనసులో పడిపోయింది వేరే సంగతక్కా. ఆ ఏడు యల పంటకి, అంటే మన దాళ్వాలాంటి రెండో పంటకి, చెరువులో నీళ్ళు చాల్లేదు. మనకైతే ఏమవుతుంది? కాలువ పైవాళ్ళ మడులు తడుస్తాయి, చివరనున్న శివారు బీటలు తీస్తుంది. మాది శివారే. నాన్న రాత్రిళ్ళు టార్చి పట్టుకుని కాలువ గట్టున కాపలా కాయడం చూస్తూ పెరిగాను.

హోస్ట్: అక్కడేం చేశారు?

అతిథి: అందరూ ఒకచోట కూర్చున్నారు. ఉన్న నీళ్ళు చెరువు దగ్గరి మడులకే సరిపోతాయని తేల్చారు. ఆ మడుల్నే, చెరువు కింద భూమి ఉన్నవాళ్ళందరూ ఆ ఒక్క పంటకీ పంచుకున్నారు. దాన్ని బెత్మ అంటారు, ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. కోతలయ్యాక ఎవరి చేను వాళ్ళదే. తన మడిలో ఇంకొకరు నాట్లేస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన పెద్దాయన మొహం నాకింకా గుర్తుంది. కష్టంగానే ఉందాయనకి. అయినా ఇచ్చాడు.

హోస్ట్: అది బౌద్ధం నేర్పిందంటావా?

అతిథి: అంత తేలిగ్గా చెప్పలేనక్కా. పొద్దున అన్నం వంతు వేసుకునే ఊరికి నీళ్ళ వంతు కొత్త కాదనిపించింది, అంతే. మనకీ ఆదుర్రులో, వైనతేయ గోదావరి పాయ ఒడ్డున, పాత స్తూపం ఉంది కదా. చిన్నప్పుడు ఇటుకల దిబ్బ అనుకునేదాన్ని. తిరిగొచ్చాక నాన్నని తీసుకెళ్ళి, అక్కడ కూర్చునే బెత్మ గురించి చెప్పాను.

హోస్ట్: ఏమన్నారు?

అతిథి: "పైవాళ్ళు ఒప్పుకుంటారంటావా?" అన్నారు. దాళ్వాకి ముందు మన కాలువ రైతుల్ని ఒక్కసారి కూర్చోబెట్టి అడగమన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదక్కా.