పెడల్ మెత్తబడిందా, గట్టిగానే ఉందా?

హోస్ట్: నమస్కారం. కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్ళకి శనివారం వస్తే క్రికెట్, లేదంటే ఎవరింట్లోనో పాట్‌లక్. ఈరోజు గెస్ట్‌గా వచ్చిన అన్న మాత్రం ఫ్రెండ్స్‌తో కలిసి ముప్పై ఏళ్ళు దాటిన మాజ్డా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారుని రేసుల్లో తిప్పుతుంటారు. అన్నా, లెమన్స్ రేసు అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెప్పండి.

గెస్ట్: 24 అవర్స్ ఆఫ్ లెమన్స్. 2006లో జే లామ్ అనే ఆయన ఇక్కడే ఆల్టమాంట్‌లో మొదలుపెట్టాడు. కారు మీద 500 డాలర్లకు మించి పెట్టకూడదన్నది రూలు. మించిందని జడ్జీలకి అనిపిస్తే ప్రతి పది డాలర్లకీ ఒక ల్యాపు కోసేస్తారు. పేరులో 24 గంటలున్నా, చాలా రేసులు శని, ఆదివారాల్లో పగటిపూటే జరుగుతాయి.

హోస్ట్: 500 డాలర్ల కారుకి అసలు బ్రేకులుంటాయా?

గెస్ట్: (నవ్వు) అందరూ అడిగేది అదే. భద్రత కోసం పెట్టే ఖర్చు ఆ లెక్కలోకి రాదు తమ్ముడూ. రోల్ కేజ్ (కారు బోల్తా పడితే డ్రైవరుని కాపాడే ఉక్కు చట్రం), సీటు, బెల్టులు, టైర్లు, బ్రేకులు, వీటికి ఎంతైనా పెట్టుకోవచ్చు. దాంతో కొత్త టీములు ఏం చేస్తాయంటే, ఎలాగూ లెక్కలోకి రాదు కదా అని వేల డాలర్లు పోసి పెద్ద బ్రేక్ కిట్ తెచ్చి బిగిస్తాయి. నన్నడిగితే డబ్బు దండగ.

హోస్ట్: అదేంటన్నా, పెద్ద బ్రేకులైతే త్వరగా ఆగదా?

గెస్ట్: కారుని ఆపేది టైరు. మా కారుకి చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు, గట్టిగా తొక్కితే కంపెనీ బ్రేకులకే చక్రం లాక్ అయిపోతుంది. టైరు పట్టు అంతవరకే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్కు, దాన్ని రెండు వైపులా పట్టేవి ప్యాడ్లు, ప్యాడ్లని నొక్కేది క్యాలిపర్. ఆ పైన ఎంత ఖరీదైన క్యాలిపర్ పెట్టినా ఒక్క అడుగు ముందు ఆగదు. గంటల తరబడి నడిచే రేసులో అసలు సమస్య వేడి. లెక్క చెప్తా విను. డ్రైవరుతో కలిపి మా కారు 1,050 కిలోలు అనుకో. గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి మలుపు ముందు 80కి తగ్గించామంటే దాదాపు 780 కిలోజౌళ్ళ శక్తి ఎక్కడికో పోవాలి. రెండున్నర లీటర్ల కుళాయి నీళ్ళని మరిగించేంత వేడి అది. అదీ మూడు సెకన్లలో! కొంత గాలి లాగేస్తుంది, మిగతాదంతా డిస్కుల్లోకే. అందులోనూ పెద్ద వాటా ముందు చక్రాలదే.

హోస్ట్: మీరు తిరిగే ట్రాక్‌లో అలా ఎన్నిసార్లు?

గెస్ట్: విల్లోస్ ఊరి దగ్గర థండర్‌హిల్ ఉంది. మూడు మైళ్ళు, పదిహేను మలుపులు. గట్టిగా తొక్కాల్సినవి కొన్నే. కానీ రెండు నిమిషాల పైచిలుకు ల్యాపు కదా, డిస్కు పూర్తిగా చల్లారేలోపు మళ్ళీ అదే మలుపు వచ్చేస్తుంది. సాయంత్రం దాకా అదే వరస.

హోస్ట్: మరి మీరేం మార్చారు?

గెస్ట్: మాది తొలి తరం 1.6 లీటర్ల ఇంజను మియాటా. దానికి ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు. 1994లో 1.8 వచ్చినప్పుడు మాజ్డానే దాన్ని 255 చేసింది. ఆ డిస్కులు, వాటి బ్రాకెట్లు తుక్కు యార్డులో దొరుకుతాయి, నేరుగా బోల్టులకి సరిపోతాయి. రంధ్రాలున్న డిస్కులు చూడ్డానికి బాగుంటాయి గానీ ఇంత వేడికి రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది. మేం సాదావే వాడతాం. తర్వాత గాలి. ముందు బంపర్ నుంచి మూడంగుళాల గొట్టం లాగి డిస్కు మధ్యలోకి వదిలాం. డిస్కు లోపల రెక్కలుంటాయి కదా, అవి తిరుగుతూ గాలిని మధ్య నుంచి లాగి అంచుల్లోంచి బయటికి తోస్తాయి. గొట్టాన్ని డిస్కు ముఖం మీదికి తిప్పితే ఒక వైపే చల్లబడుతుంది, దాంతో కొత్త గొడవ.

హోస్ట్: వేడి తగ్గిందని ఎలా తెలుస్తుంది? ల్యాపు మధ్యలో థర్మామీటర్ పెట్టలేరు కదా.

గెస్ట్: దానికి వేడికి మారే రంగులున్నాయి. డిస్కు అంచు మీద మూడు చుక్కలు పెడతాం. ఆకుపచ్చది 430 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెల్లబడుతుంది, నారింజది 560కి పసుపవుతుంది, ఎర్రది 610కి తెల్లబడుతుంది. కారు పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన మేం పని చేసే చోటికి రాగానే వంగి చూస్తే ఎంతదాకా వెళ్ళిందో డిస్కే చెప్పేస్తుంది. దాన్ని బట్టి ప్యాడ్లు ఎంచుకుంటాం.

హోస్ట్: సరే, టైటిల్‌లో పెట్టుకున్న మాటకొద్దాం. మెత్తగానా, గట్టిగానా?

గెస్ట్: రేసులో డ్రైవరుతో మాట్లాడే రేడియోలో మేం అడిగే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. డ్రైవరు ‘బ్రేకులు లేవు’ అని అరిస్తే మాకేం అర్థం కాదు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోందా, రాయిలా గట్టిగా ఉండి కూడా కారు ఆగట్లేదా? గట్టిగా ఉండి ఆగకపోతే ప్యాడ్ ఓర్చుకోగల వేడి దాటిపోయిందని.

హోస్ట్: తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వస్తుంది చూశారా, అదేనా?

గెస్ట్: అదే. ప్యాడ్‌లో ఉన్న బంక కాలుతుంటే వచ్చే వాసన. ఒకటి రెండు ల్యాపులు మెల్లగా తిరిగితే చాలావరకు సర్దుకుంటుంది. పెడల్ మెత్తగా దిగిపోతే మాత్రం వెంటనే పిట్‌లోకి రమ్మంటాం. పెడల్ బలాన్ని క్యాలిపర్‌కి చేర్చే బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి చేరిందన్నమాట. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. నువ్వెంత తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి తప్ప క్యాలిపర్‌కి బలం అందదు. ఇక మూడోది, పెడల్ మొదటిసారి లోతుగా వెళ్ళి రెండోసారికి మామూలుగా నిలబడితే, చక్రం బేరింగు వదులైందేమో చూడాలి. మలుపులో డిస్కు ఊగి ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తుంది. దానికి చిట్కా ఏంటంటే, మలుపు ఇంకా దూరంగా ఉండగానే ఎడమ కాలితో పెడల్‌ని ఒకసారి తట్టి చూసుకోవడం.

హోస్ట్: బ్రేక్ ఆయిల్ ఏది వాడినా మరుగుతుందా?

గెస్ట్: తేడా ఉంది. ఆయిల్ డబ్బా మీద డాట్ అని రకం రాసుంటుంది. డాట్ 3 అయితే కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇది సీల్ తీసిన రోజు మాట. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరితే డాట్ 3 140కి, డాట్ 4 155కి పడిపోతాయి. రేసు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 300 దాటుతుంది, కానీ తేమ దానికీ శత్రువే. అందుకే ప్రతి రేసుకీ కొత్త డబ్బా. శనివారం రాత్రి అందరూ బార్బెక్యూ దగ్గరుంటే మాలో ఇద్దరు కారు దగ్గరే ఉంటారు. ఒకడు లోపల కూర్చుంటాడు, ఇంకొకడు పాత ఆయిల్ తీయడానికి క్యాలిపర్ మీదుండే నిపుల్‌కి సన్న ట్యూబు తగిలించి చివర సీసాలో ముంచుతాడు. ‘తొక్కు... పట్టుకో... వదులు.’ ముందు ముదురు టీ రంగులో బుడగలతో వస్తుంది, ఆ తర్వాత లేత రంగు. మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే భాగానికి, దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తాం.

హోస్ట్: ప్యాడ్లు రేసు మధ్యలో మారుస్తారా?

గెస్ట్: మార్చకుండా గడవాలనే చూస్తాం. పావుగంట ఆగితే ఆరు ల్యాపులు పోయినట్టే. ఎండ్యూరెన్స్ ప్యాడ్లు కాస్త ఖరీదైనా రెండు రోజులూ వస్తాయి. ఒక్క జాగ్రత్త, వెనక ప్యాడ్ ముందుదానికన్నా ఎక్కువ పట్టేది కాకూడదు. అలాంటిది వేసిన ఒక టీము కారు మా కళ్ళ ముందే బ్రేకు తొక్కగానే గిర్రున తిరిగింది.

హోస్ట్: ఇంత చేసినా డ్రైవరు సరిగ్గా లేకపోతే?

గెస్ట్: అంతా వృథా! 160 దాకా వెళ్ళి బ్రేకు తొక్కే బదులు కాస్త ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి 150 నుంచి మొదలుపెట్టు. వేడి ఆరో వంతు తగ్గుతుంది. ల్యాపుకి పోయేది సెకనులో కొంచెం. మా టీములో అందరికన్నా వేగంగా నడిపేవాడికి ఈ మాట అస్సలు నచ్చదు. (నవ్వు) వాడి తర్వాత ఎక్కినవాడికి బాగా నచ్చుతుంది.

హోస్ట్: వినేవాళ్ళలో ఎవరైనా ఈ రేసు ప్యాడ్లు రోజూ తిరిగే కారుకి వేద్దామనుకుంటే?

గెస్ట్: వద్దు. చల్లగా ఉన్నప్పుడు అవి సరిగా పట్టవు, పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గరే గుండె జారుతుంది. దానికి బదులు బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్ళ క్రితం మార్చారో చూసుకోమను.

హోస్ట్: చివరిగా ఒకటి. రేసు నుంచి పిట్‌లోకి రాగానే హ్యాండ్‌బ్రేకు వేస్తారా?

గెస్ట్: అమ్మో, వెయ్యకు! డిస్కు కాలిపోతుంటుంది, ప్యాడ్ ఒకేచోట నొక్కి ఉంచితే అక్కడ మరక పడి తర్వాత పెడల్ వణుకుతుంది. బ్రేకు పెడల్ మీంచి కాలు కూడా తీసెయ్యి, చక్రం కింద చెక్కముక్క పెట్టు.