‘చాలా’ అక్కరలేని మాట: ఎనార్మస్

నిర్వాహకురాలు: నమస్కారం. ఇంగ్లీషు మాటల మీద మీ సందేహాలు తీర్చడానికి మాస్టారు సిద్ధంగా ఉన్నారు. మొదటి ఫోను తీసుకుందాం. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మాస్టారూ. మా అమ్మాయి వ్యాసంలో ‘వెరీ ఎనార్మస్’ అని రాస్తే టీచరు ‘వెరీ’ కొట్టేశారు. ‘వెరీ బిగ్’ అంటాం కదా, ఇదెందుకు తప్పు?

మాస్టారు: ‘ఎనార్మస్’ కడుపులోనే ‘చాలా’ ఉందమ్మా. తెలుగులో ‘చాలా అపారమైన’ అని చూడండి, చెవికి ఇంపుగా ఉండదు. ఇదీ అంతే. నొక్కి చెప్పాలనిపిస్తే ‘అబ్సల్యూట్లీ ఎనార్మస్’ అనవచ్చు.

శ్రోత: అయితే బిగ్ కన్నా పెద్దది ఎనార్మస్, అంతేనా?

మాస్టారు: అంతే అనుకుంటే ఆ మాటకు అన్యాయం చేసినట్టే. లాటిన్‌లో ‘నార్మా’ అంటే వడ్రంగి మూలమట్టం. మూల సరిగ్గా 90 డిగ్రీలు వచ్చిందో లేదో చూసే పనిముట్టు. అందులోంచే ‘నియమం’ అనే అర్థం పుట్టింది. మనం రోజూ అనే ‘నార్మల్’ కూడా ఆ ఇంటి బిడ్డే. ఆ మట్టానికి ఒదగక బయటికి పోయినది ‘ఎనార్మిస్’. ఇంగ్లీషులోకి వచ్చిన తొలి రోజుల్లో, అంటే 16వ శతాబ్దంలో, దానికి ‘వింతైన’, ‘దారుణమైన’ అనే అర్థాలు కూడా ఉండేవి. తర్వాత పరిమాణమే మిగిలింది. అందుకే ఆ మాట వాడే ముందు ‘దేనితో పోలిస్తే?’ అని అడగమంటాను. ఏనుగు ఏనుగంత ఉంటే ‘బిగ్’ చాలు. సాలీడు అరచేయంత ఉంటే, అది ఎనార్మస్! మనిషి ఒంటి గురించి మాత్రం వాడవద్దని అమ్మాయికి చెప్పండి, మనసు నొచ్చుకుంటుంది.

నిర్వాహకురాలు: మరో శ్రోత. చెప్పండి.

శ్రోత: ఒకరికి కృతజ్ఞతలు చెబుతూ, వారి సహాయం ఎంత పెద్దదో చెప్పడానికి ‘ఎనార్మిటీ’ అని రాశానండీ. చదివిన మిత్రుడు ముఖం చిట్లించాడు.

మాస్టారు: చిట్లించడంలో న్యాయం ఉంది. ఇందాక చెప్పిన ‘దారుణం’ అనే పాత అర్థం విశేషణాన్ని వదిలినా ఈ నామవాచకాన్ని వదలలేదు. నేరపు ఘోరత్వానికి ‘ఎనార్మిటీ’ అంటారు. పని ఎంత భారీదో చెప్పడానికీ చాలామంది వాడుతున్నారు, నిఘంటువులూ ఒప్పుకున్నాయి. కానీ మేలు చేసినవారికి రాసే ఉత్తరంలో అలాంటి నీడ పడకూడదు కదా! ‘ఎనార్మస్ హెల్ప్’ అంటే ఏ చిక్కూ లేదు. నన్నడిగితే కృతజ్ఞతకు ‘ఇమెన్స్’ ఇంకా నప్పుతుంది. దాని మూలార్థం ‘కొలవనిది’. మన ‘అమితం’ కూడా అక్షరాలా అదే. లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబానివి మరి. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఎప్పుడూ సంతోషమే.

నిర్వాహకురాలు: సమయం కొద్దిగానే ఉంది. చివరి ఫోను.

శ్రోత: పలకడం ఎలాగండీ? ‘ఎ’ మీద ఒత్తు పెట్టాలా?

మాస్టారు: లేదు బాబూ. మొదట తేలికగా ‘ఇ’, ఒత్తంతా ‘నార్’ మీద. ఒకసారి అనండి.

శ్రోత: ఇ-నార్-మస్.

మాస్టారు: బాగుంది. ‘నార్’ దగ్గర ఇంకొంచెం గట్టిగా.