ద్రవ్యోల్బణం తగ్గిందంటున్నారు, మరి సరుకుల బిల్లు తగ్గదేం?

వ్యాఖ్యాత: నమస్కారం. ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో వింటాం. సరుకులకు వెళ్తే బిల్లు పోయిన నెలకన్నా ఎక్కువే వస్తుంది. ఎందుకు మేడమ్?

అర్థశాస్త్ర అధ్యాపకురాలు: ద్రవ్యోల్బణం అంటే ధరలు పెరిగే వేగమండీ. అది 8 శాతం నుంచి 4కు దిగినా పెరగడం ఆగదు, నెమ్మదిస్తుందంతే. నిరుటి 8 మీదే ఈ ఏటి 4 పడుతుంది. 100 ఉన్న బిల్లు రెండేళ్లలో 112 దాటుతుంది. పైగా ఆ శాతం అన్ని వస్తువులకూ కలిపి తీసిన సగటు, ఒక్కో ఇంటి లెక్క వేరు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చూపించాడు. కాబట్టి తిండి ధరలు పెరిగితే ముందు నలిగేది చిన్న జీతాలవాళ్లే.

వ్యాఖ్యాత: మరి మన ఇంటి లెక్క తెలిసేదెలా?

గృహ బడ్జెట్ సలహాదారు: నెలనెలా తప్పక కొనేవాటిని ఒక కాగితం మీద రాసుకోండి. ప్యాకెట్ ధర కాదు, కిలోకి ఎంత, లీటరుకి ఎంత అని...

వినియోగదారుల హక్కుల కార్యకర్త: ఒక్క మాట. అసలు మోసపోయేది అక్కడే. ధర అదే ఉంచి 500 గ్రాముల ప్యాకెట్‌ను 450 చేశారనుకోండి. మనం కట్టేది 11 శాతం పైగా పెరిగినట్టే, కానీ కంటికి కనబడదు. ఫ్రాన్స్‌లో 2024 జులై నుంచి పెద్ద దుకాణాలు ఈ సంగతి బోర్డు పెట్టి చెప్పాలి. ఈ నిబంధన అన్నిచోట్లా రావాలి.

సలహాదారు: నిజమే. వృథా కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా ప్రకారం 2022లో వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో 19 శాతం పారేశారు. అందులో 60 శాతం ఇళ్లలోనే.

అధ్యాపకురాలు: ఇక్కడ నేను ఒప్పుకోను. పారేయడానికి ఏమీ మిగలని ఇళ్లకు ఈ సలహా ఎందుకు? వాళ్లు ఇప్పటికే అన్నీ తగ్గించుకున్నారు. ఇక తగ్గించేది తిండే. అదీ ఎవరిది? వంట చేసే మనిషిది. అందరికీ పెట్టి, చాలకపోతే తను మానేస్తుంది. ఆ పొదుపు ఏ లెక్కలోకీ రాదు. ధరలతో పాటు జీతం పెరగకపోతే అది జీతం కోసినట్టే. ఆ మాట అడగాల్సింది పనిచేసే చోట, వంటింట్లో కాదు.

సలహాదారు: మీరన్నది న్యాయమే మేడమ్. అందుకే నేను ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి లెక్క చూడమంటాను. ఖర్చు టెన్షన్ ఒక్కరి నెత్తిన పడకూడదు. తిండి జోలికి పోకముందు వాడని సబ్‌స్క్రిప్షన్లు, వాయిదాల మీద కొనాలనుకున్న వస్తువులు ఆపాలి.

వ్యాఖ్యాత: సరుకులు క్రెడిట్ కార్డు మీద కొంటే?

సలహాదారు: గడువులోగా మొత్తం కట్టగలిగితే ఫర్వాలేదు. కనీస మొత్తమే కడితే మాత్రం, ఎప్పుడో తిని అయిపోయిన సరుకులకు ఇంకా వడ్డీ కడుతుంటారు. అలా రెండు నెలలు వరసగా జరిగితే మూడో నెలదాకా ఆగకండి. బ్యాంకుతో మాట్లాడి తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్చమని అడగండి.