రైఫిల్ స్కోప్ కొనే ముందు: దూరమెంత, వెలుతురెంత?

(టెక్సాస్‌లోని తెలుగు వేటగాళ్ల కోసం జరిగిన స్టూడియో చర్చ నుంచి)

వ్యాఖ్యాత: తెల్లతోక జింకల సాధారణ వేటకాలం నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. కొత్తగా లైసెన్సు తీసుకున్న మనవాళ్లందరూ అడిగేది ఒకటే. ఎన్ని రెట్లు పెద్దగా చూపించే స్కోప్ కొనాలి?

వేటగాడు: అంతకంటే ముందు, ఎంత దూరంలో, ఏ వెలుతురులో కాలుస్తారో తేల్చుకోవాలండి. పొదల మధ్య మంచె మీద కూర్చుంటే 150 గజాలు దాటి కాల్చే అవసరం అరుదు. దానికి 3 నుంచి 9 రెట్లు చూపించే, 40 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్న స్కోప్ చాలు.

వ్యాఖ్యాత: 24 రెట్లు చూపించేవి కూడా అదే ధరకు దొరుకుతున్నాయి కదా?

నిపుణురాలు: ఆ ధరలో ఏదో ఒకటి తగ్గించి ఉంటారు, సాధారణంగా అది గాజు నాణ్యతే. పైగా లెక్క చూడండి. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 40ని 8తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు, 20తో భాగిస్తే 2. మసక చీకట్లో కంటిపాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. దానికి 2 మిల్లీమీటర్ల వెలుగు ఏ మూలకు? జింకలు మేతకు బయటికొచ్చేది ఆ వేళల్లోనే.

వేటగాడు: అందుకే పొద్దు వాలాక నేను 9 నుంచి 6కు తగ్గించేస్తాను. ఎండుగడ్డిలో కలిసిపోయిన జింక మెడ, భుజం విడివిడిగా తెలుస్తాయి.

వ్యాఖ్యాత: చేతిలో 400 డాలర్లే ఉంటే?

నిపుణురాలు: 300 స్కోప్‌కు, మిగతాది దాన్ని రైఫిల్‌కు బిగించే గట్టి రింగులకు. గురి కుదరడం లేదని నా దగ్గరికి తెచ్చే రైఫిళ్లలో చాలాసార్లు రింగుల మరలే వదులుగా ఉంటాయి.

వేటగాడు: ఇక్కడ మీతో ఏకీభవించలేను. స్కోప్‌కు 200 చాలు. మిగిలిన దాంట్లో రింగులు పోను ఒక మామూలు బైనాక్యులర్ కొనాలి. స్కోప్‌లోంచి వెతికితే తుపాకి గొట్టం కూడా అటే తిరుగుతుంది. పొదల వెనక ఉన్నది మనిషైతే? ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

నిపుణురాలు: అది ఒప్పుకుంటాను. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, కాల్చేటప్పుడు కంటికీ స్కోప్‌కూ మధ్య మూడున్నర అంగుళాల దూరమైనా ఉండాలి. పెద్ద తూటా పేల్చి రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ తగిలి కనుబొమ చీలిపోయినవాళ్లున్నారు.

వ్యాఖ్యాత: గురి సరిచేసుకోవడం ఎలా?

నిపుణురాలు: చాలా స్కోప్‌లలో గురి సరిచేసే మీటను ఒక్క క్లిక్ తిప్పితే, 100 గజాల దగ్గర తూటా తగిలే చోటు సుమారు పావు అంగుళం జరుగుతుంది. తూటా 2 అంగుళాలు కింద తగిలితే పైకి 8 క్లిక్‌లు.

వ్యాఖ్యాత: దుకాణంలో మంచి గాజును గుర్తుపట్టేది ఎలా?

వేటగాడు: ట్యూబులైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. సాయంత్రం వెళ్లండి. తుపాకికి బిగించని స్కోప్‌ను అడిగి తీసుకుని, తలుపు దగ్గర నిలబడి, వీధి చివర నీడలో ఉన్న చెట్టు కొమ్మలు లెక్కపెట్టండి.