ఎస్‌యూవీనా, పికప్పా: వెనుక ఇరుసు దగ్గర తేలే మాట

శ్రోతలకు నమస్కారం.

కొండదారులు, ఇసుక, బురద ఇష్టపడే వాళ్లు కొత్త బండి కొనాలనుకున్నప్పుడు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పైకప్పు చివరిదాకా ఉన్న ఎస్‌యూవీ తీసుకోవాలా, వెనుక తొట్టి ఉన్న మధ్యస్థాయి పికప్పు తీసుకోవాలా? ఈ వాదన సాధారణంగా ఇంజను దగ్గర మొదలై హార్స్‌పవర్ అంకెల దగ్గర ముగుస్తుంది. అది మొదలు కావలసింది అక్కడ కాదని నా గట్టి నమ్మకం. వెనుక ఇరుసు దగ్గర మొదలు కావాలి. ముందు సీట్ల వెనుక ఏం కూర్చుంటుంది, ఎంత బరువు కూర్చుంటుంది, ఎన్ని రోజులు కూర్చుంటుంది అన్నది తేలితే మిగిలిన ప్రశ్నల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

అసలు ఈ రెండు రకాల బళ్లూ వేరువేరు జాతులు కావు. టయోటా హైలక్స్ పికప్పు, ఫార్చ్యూనర్ ఎస్‌యూవీ ఒకే పునాది మీద తయారవుతాయి. ఇసుజు డీ-మ్యాక్స్, ఎంయూ-ఎక్స్ కూడా అంతే. ఫోర్డ్ రేంజర్, ఎవరెస్ట్ కూడా అంతే. కింద నిచ్చెన ఆకారంలో ఉక్కు ఛాసిస్, దాని మీద బిగించిన బాడీ. 1984లో టయోటా 4రన్నర్ వచ్చినప్పుడు అది దాదాపుగా పికప్పే. తొట్టి మీద ఊడదీయగలిగే ఫైబర్‌గ్లాస్ కప్పు బిగించి, వెనుక సీటు వేసి దాన్ని ఎస్‌యూవీ చేశారు. జీప్ కంపెనీ దీనికి ఎదురు దారిలో నడిచింది. తన ఎస్‌యూవీ రాంగ్లర్‌ను సాగదీసి, వెనుక తొట్టి పెట్టి, 2019లో గ్లాడియేటర్ పికప్పును రోడ్డు మీదికి తెచ్చింది. కాబట్టి ఒకటి మగధీరుల బండి, ఇంకొకటి కుటుంబం బండి అనే మాటలకు పెద్ద అర్థం లేదు. ముందు సగం ఇంచుమించు ఒకటే. తేడా అంతా వెనుక ఉంది.

వెనుక చక్రాల దగ్గర వంగి చూడండి. చాలా పికప్పుల కింద కమాన్ పట్టీలు కనిపిస్తాయి. లారీల కింద ఉండే ఉక్కు పట్టీల దొంతరే అది. ఫార్చ్యూనర్ వంటి ఎస్‌యూవీల కింద కాయిల్ స్ప్రింగులు, అంటే చుట్టలు తిరిగిన స్ప్రింగులు ఉంటాయి. ఈ ఒక్క తేడా బండి స్వభావాన్నే మార్చేస్తుంది. పికప్పు కమాన్లను ఏడెనిమిది వందల కిలోలు, కొన్నిటిలో టన్ను వరకు మోయాలన్న లెక్కతో తయారు చేస్తారు. తొట్టి ఖాళీగా ఉంటే ఆ ఉక్కుకు పని లేదు. గతుకు వచ్చినప్పుడు వంగదు, ఎగురుతుంది. అలలు అలలుగా గట్టిపడిన మట్టి రోడ్డు మీద ఖాళీ పికప్పు వెనుక భాగం పక్కకు గంతులు వేయడం దాన్ని తోలిన వాళ్లందరికీ తెలిసిన సంగతే. వాన పడిన మలుపులో, ఇంజను బలం వెనుక చక్రాలకే వెళుతున్నప్పుడు, తేలికైన ఆ వెనుక భాగం తొందరగా పట్టు వదులుతుంది. బండి జారబోతే చక్రాలకు విడివిడిగా తనంతట తానే బ్రేకు వేసే స్టెబిలిటీ కంట్రోల్ ఇప్పటి బళ్లలో ఉంటుంది, అది చాలావరకు కాపాడుతుంది. అయినా టైరుకూ నేలకూ మధ్య లేని పట్టును అది పుట్టించలేదు.

అదే పికప్పులో మూడు వందల కిలోల సామాను వేసి చూడండి. బండి కుదుటపడుతుంది, వెనుక సీట్లో కూర్చున్న వారి నడుము కూడా ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: మీ తొట్టి నెలలో ఎన్ని రోజులు నిండుగా ఉంటుంది? ఎక్కువ రోజులు ఖాళీగానే తిరిగేటట్లయితే, మోయని బరువు కోసం ప్రతిరోజూ కుదుపులు భరిస్తున్నారన్నమాట. పికప్పుల్లో కూడా కాయిల్ స్ప్రింగులు వేసినవి ఉన్నాయి. గ్లాడియేటర్‌కు, 2024 నుంచి వస్తున్న టయోటా టకోమా రకాల్లో ఎక్కువ వాటికి వెనుక కాయిల్సే. రోజువారీ ప్రయాణానికి ఇవి మెత్తగా ఉంటాయి. పికప్పు అంటేనే కుదుపు అనుకునేవారు వీటిని ఒకసారి తోలి చూడాలి.

ఇక దారి లేని చోటుకు వద్దాం. కొండల్లో బండిని ఆపేది చాలాసార్లు ఇంజను కాదు, పొడవు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. రెండు తలుపుల రాంగ్లర్‌లో అది సుమారు 2.46 మీటర్లు. నాలుగు తలుపుల దానిలో 3 మీటర్లు. గ్లాడియేటర్‌లో దాదాపు 3.49 మీటర్లు. ఇప్పుడు దారిలో గూను వీపులా ఒక రాతిగట్టు వచ్చిందనుకోండి. ముందు చక్రాలు దాటేశాయి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కలేదు. చక్రాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే బండి పొట్ట ఆ రాతికి అంత దగ్గరవుతుంది. నేల నుంచి పొట్ట ఎత్తు 25 సెంటీమీటర్లే అనుకుని లెక్క కడితే, ఎక్కే వాలు, దిగే వాలు కలిపి సుమారు 23 డిగ్రీలున్న గట్టును పొట్టి రాంగ్లర్ దాటగలదు, గ్లాడియేటర్ పొడవున్న బండికి అది 16 డిగ్రీలకు పడిపోతుంది. టైరు పెద్దది వేసి, బండి ఎత్తు పెంచి కొంత రాబట్టుకోవచ్చు. పూర్తిగా రాబట్టుకోలేం.

తోక సంగతి ఇంకా ముఖ్యం. గుంతలో దిగి ఎదుటి గట్టు ఎక్కేటప్పుడు బండి వెనుక చివర నేలకు తగలకుండా ఉండగల కోణం ఒకటి ఉంటుంది. కంపెనీ ప్రకటించిన లెక్కల ప్రకారం, కఠినమైన దారుల కోసం చేసిన రూబికాన్ రకాలను తీసుకుంటే, రాంగ్లర్ రూబికాన్‌లో అది దాదాపు 37 డిగ్రీలు, గ్లాడియేటర్ రూబికాన్‌లో దాదాపు 26. తొట్టి వెనుక ఇరుసు దాటి సాగి ఉండడమే దీనికి కారణం. వాగు దిగి ఒడ్డెక్కేటప్పుడు పికప్పు వెనుక బంపరు మట్టిని గీరుకుంటూ వస్తుందంటే తోలేవారి నేర్పు తక్కువని కాదు, ఆకారం అలాంటిది. ఇరుకు అడవి బాటలో, ఒకవైపు లోయ ఉన్న మలుపులో పొడవైన బండిని రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పుకోవలసి వస్తుంది. పక్కన దిగి దారి చూపే మనిషి లేకపోతే అది నిజంగా భయపెట్టే పని.

అయితే పొడవు అంతా నష్టమే అనుకోకండి. నిటారు ఎక్కుళ్లలో పొడవైన బండి ముక్కు అంత తేలిగ్గా పైకి లేవదు. హైవే మీద పొట్టి బండి ప్రతి అతుకుకూ తల ఊపుతుంటే, పొడవైనది తిన్నగా పోతుంది. ట్రైలరు లాగేటప్పుడు ఈ తేడా మరీ తెలుస్తుంది. మొదట విడుదలైనప్పుడు నాలుగు తలుపుల రాంగ్లర్ గరిష్ఠంగా లాగగలిగింది సుమారు 1,590 కిలోలు. గ్లాడియేటర్ తగిన సరంజామాతో 3,470 కిలోల దాకా లాగగలదు. పడవనో, గుర్రాల బండినో, పెద్ద క్యాంపింగ్ ట్రైలరునో లాగే అవసరం ఉన్నవారికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు బరువు లెక్క. ఈ ప్రసంగంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి. ప్రతి బండికీ మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుంది. చాలా దేశాల్లో డ్రైవరు తలుపు తెరిస్తే ఆ చట్రం మీద అతికించిన కాగితం మీదో, రేకు మీదో ఆ వివరాలు ఉంటాయి. ఆ హద్దులోకి సామాను ఒక్కటే రాదు, మనుషులు కూడా వస్తారు. మీరు తరువాత బిగించే ప్రతి ఇనుప ముక్కా వస్తుంది. ఒక ఎస్‌యూవీ హద్దు 600 కిలోలు అనుకుందాం. 75 కిలోల చొప్పున ఐదుగురు కూర్చుంటే 375. ఉక్కు బంపరు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించి కలిపి 100. పైన ర్యాకు, గుడారం కలిపి 90. మొత్తం 565 అయిపోయింది. ఇంకా ఒక్క పెట్టె ఎక్కించలేదు, మంచినీళ్లు లేవు, వంట సామాను లేదు. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పెడితే 40 కిలోలు. హద్దు దాటిపోయాం.

దూర ప్రయాణానికి ఎంతో ఇష్టంగా, శ్రమపడి తయారు చేసుకున్న బళ్లు చాలా వరకు ఇలాగే బయలుదేరుతాయి. బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు వేడెక్కుతాయి, స్ప్రింగులు కిందికి కూర్చుంటాయి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే బండి నడుస్తూనే ఉంటుంది. పిల్లలను ఎక్కించుకుని వెళ్లేవారు ఒక్కసారి తూకం కాటా మీద బండిని నిలబెట్టి చూడాలని నేను చేతులు జోడించి అడుగుతాను.

పికప్పుకు ఈ విషయంలో హద్దు సాధారణంగా పెద్దది. కానీ అందులోనూ ఒక చిక్కు ఉంది. నాలుగు తలుపుల పికప్పులో తొట్టి చాలా భాగం వెనుక ఇరుసుకు వెనకే ఉంటుంది. బరువును తొట్టి చివర పెడితే అది మీట నొక్కినట్లు ముందు చక్రాలను పైకి లేపాలని చూస్తుంది, ఛాసిస్‌ను మధ్యలో వంచాలని చూస్తుంది. దానికి తోడు ట్రైలరు కూడా తగిలిస్తే, ట్రైలరు మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా దాని ముక్కు బండి తోక మీద కూర్చుంటుంది. 2,000 కిలోల ట్రైలరు అంటే 200 కిలోలు. ఆ 200 కూడా మీ హద్దులోంచే పోతుంది. తొట్టి నింపి, ట్రైలరు తగిలించి, గతుకుల దారిలో వేగంగా పోయిన పికప్పుల ఛాసిస్‌లు క్యాబిన్ వెనుక వంగిపోయిన ఉదంతాలు ఉన్నాయి. బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించి పెట్టండి, తేలికైనవి చివర పెట్టండి. ఎస్‌యూవీ పైకప్పు మీదనైతే పడక, దుప్పట్ల వంటివే పెట్టండి. నడిచే బండి పైకప్పు మోయగలిగేది చాలా వాటిలో 100 కిలోలో, అంతకంటే తక్కువో. పక్కకు వాలిన దారిలో పైనున్న ప్రతి కిలో బండిని పడదోయడానికే చూస్తుంది.

మనుషులతో పాటు ఏం ప్రయాణిస్తుందన్నది మరో ప్రశ్న. ఇసుక, తడి బట్టలు, చేపలు, ఎరువు, నూనె కారే యంత్రం, పెట్రోలు డబ్బా. ఇవన్నీ తొట్టిలో ఉంటే వాసన తొట్టిలోనే ఉంటుంది. ఎస్‌యూవీలో మీరు పీల్చే గాలీ, పెట్రోలు ఆవిరీ ఒకే గదిలో ఉంటాయి. పొడవైన కలప వేసుకుని ఎస్‌యూవీ వెనుక తలుపు తెరిచి తోలడం మరీ ప్రమాదం. బండి వెనుక ఏర్పడే తక్కువ ఒత్తిడి వల్ల సైలెన్సరు పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వారానికి రెండుసార్లు ఇలాంటి సరుకు మోసేవారికి నేను సందేహం లేకుండా పికప్పే చెబుతాను.

రోజూ బడికీ ఆఫీసుకూ తిరిగి, సెలవుల్లో కొండలెక్కే కుటుంబానికి ఎస్‌యూవీ అంటాను. పికప్పుల వెనుక సీటు వీపు చాలా వాటిలో నిటారుగా ఉంటుంది, ముసలివాళ్లు రెండు గంటలకు మించి కూర్చోలేరు. ఎస్‌యూవీలో సామాను వానకు తడవదు, తాళం వేసి వెళ్లిపోవచ్చు, అవసరమైతే సీట్లు మడిచి లోపలే పడుకోవచ్చు. కాకపోతే సీట్ల వెనుక సామానును తాళ్లతో కట్టండి, మధ్యలో జల్లెడ అడ్డు పెట్టించండి. గట్టిగా బ్రేకు పడినప్పుడు వదులుగా ఉన్న పనిముట్ల పెట్టె ముందుకే వస్తుంది, ముందున్నది మీ పిల్లల తలలు.

తొట్టి మీద గట్టి కప్పు బిగిస్తే రెండు ప్రయోజనాలూ కలుస్తాయి కదా అంటారు. చాలావరకు కలుస్తాయి. ఆ కప్పు బరువును కూడా లెక్కలో వేసుకోండి, తోక పొడవు మాత్రం అలాగే ఉంటుందని మరచిపోకండి.

ఫోర్ వీల్ డ్రైవ్ గురించి తక్కువే చెబుతాను, రెండింటిలోనూ అది ఇంచుమించు ఒకటే కాబట్టి. నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపించే లో గేరు ఉండాలి. వెనుక ఇరుసుకు డిఫరెన్షియల్ లాక్, అంటే రెండు వెనుక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే ఏర్పాటు ఉంటే మేలు. ముందు, వెనుక ఇరుసులను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేని బండిని, నాలుగు చక్రాలకూ బలం వెళ్లేలా పెట్టి ఎండిన తారు రోడ్డు మీద తోలకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనుక చక్రాలూ వేరువేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడా పోవడానికి దారి లేక గేర్ల మీద పడుతుంది. ఇసుకలో టైరు గాలి తగ్గించడం, తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోవడం నేర్చుకుంటే ఏ బండైనా మీరు అనుకున్నదానికంటే ఎక్కువ దూరం వెళుతుంది.

చివరగా, షోరూముకు ఒంటరిగా వెళ్లకండి. వెనుక సీట్లో కూర్చునేవారిని వెంట తీసుకువెళ్లండి, వారిని కూర్చోబెట్టే తోలి చూడండి. ఒక కొలత టేపు తీసుకువెళ్లండి. హైలక్స్ పొడవు 5.3 మీటర్లు దాటుతుంది, ఫార్చ్యూనర్ 4.8 మీటర్ల లోపే. మీరు బండి పెట్టే చోటు కొలిచి ఉంచుకోండి. పికప్పును వీలైతే సామానుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తోలండి. ఇరుకు సందులో వెనక్కి నడిపి చూడండి. సంతకం పెట్టే ముందు డ్రైవరు తలుపు తెరిచి, మోయగల బరువు ఎంతో మీ కళ్లతో చదవండి. అక్కడే నిలబడి, మీ ఇంట్లో మనుషుల బరువు కాగితం మీద వేసి, దానిలోంచి తీసివేసి చూడండి.

సెలవు. నమస్కారం.