డీవో 3.5... ఎన్నింటికి?

[తెర మీద: భీమవరం దగ్గర రొయ్యల చెరువు. ఇంకా తెల్లారలేదు. ఏరేటర్లు తిరుగుతున్నాయి.]

చెరువు నీళ్ల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి నోట్సులో ఇలా రాసుకుందనుకోండి: "మూడో చెరువు, డీవో 3.5". డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. విశాఖలో ఉన్న గైడ్ గారికి దీంతో ఏం తెలుస్తుంది?

తెల్లవారుజామున కొలిస్తే అందులో వింతేం లేదు. రాత్రంతా రొయ్యలు, ప్లాంక్టాన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), బాక్టీరియా అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. ఎండ లేదు కాబట్టి ప్లాంక్టాన్ కొత్తగా తయారుచెయ్యదు. అదే 3.5 మిట్టమధ్యాహ్నం వచ్చిందంటే మాత్రం ఆ చెరువులో ఏదో తేడా కొట్టింది. పీహెచ్ కూడా అంతే, పొద్దున తగ్గి సాయంత్రానికి పెరుగుతుంది.

[తెర మీద: ఖాళీ గడులున్న ఎంట్రీ పేజీ]

కంప్యూటర్‌లో రాసుకునే ప్రయోగాల నోట్సు, అంటే ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్‌లో, ఈ గడులు ముందే పెట్టుకోవచ్చు. ఎన్నింటికి కొలిచారు, ఏ మీటరుతో, దాన్ని క్యాలిబ్రేట్ చేసిందెప్పుడు? రాసిన వెంటనే విశాఖలో తెరుచుకుంటుంది.

"వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం కదండీ" అంటారు. పెట్టండి, కానీ ఆర్నెల్ల తర్వాత వెతికి చూడండి! ఎక్సెల్ షీటులోనేమో అంకె మార్చి సేవ్ చేస్తే పాతది పోతుంది. ఈ నోట్‌బుక్‌లో పాతదీ ఉంటుంది, ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో కూడా ఉంటుంది. పరిశోధనంటే ఏళ్ల పని కదా. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, లాంటి వరి వంగడం తయారవడానికి ఏళ్లు పడతాయి. మొదటి పేజీ రాసినవాళ్లు చివరిదాకా అక్కడే ఉంటారన్న నమ్మకమేంటి?

[తెర మీద: 64 అక్షరాల హ్యాష్]

ఎంట్రీకి టైమ్‌స్టాంప్, అంటే తేదీ, టైము ముద్ర, కొట్టినప్పుడు దాని హ్యాష్ (ఎంట్రీ నుంచి లెక్కకట్టిన, వేలిముద్ర లాంటి కోడ్) మాత్రమే బయటి సర్వర్‌కి వెళ్తుంది, మీ డేటా వెళ్లదు. తర్వాత ఒక్క చుక్క మార్చినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ముద్ర చెప్పేది ఎంట్రీ ఎప్పుడుందో, నీళ్లు ఎప్పుడు కొలిచారో కాదు. గట్టు మీద సిగ్నల్ లేకపోతే కాగితం మీదే టైముతో సహా రాసి, ఫొటో తీసి, తర్వాత ఎంట్రీకి తగిలించండి. ఆ కాగితం పారెయ్యకండి.

డబ్బు పెట్టలేమంటే ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ ఉంది. పారిస్ క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఉచితం. కాకపోతే సర్వర్ కావాలి, కాలేజీ కంప్యూటర్ విభాగం వాళ్లని కాస్త బతిమాలుకోవాలి. చందా కట్టి వేరేది తీసుకుంటే మాత్రం, చందా ఆపేసిన రోజున మీ ఎంట్రీలన్నీ పీడీఎఫ్‌గా దించుకోనిస్తారో లేదో ముందే అడగండి.